అమ్మేదాకా ఆర్భాటం... ఆపై అరణ్యరోదన

సాఫ్ట్‌వేర్‌తో చిన్న పరిశ్రమల పాట్లు
మొరాయిస్తే పట్టించుకునే నాథుడు కరవు
న్యాయపోరాటానికీ దారి ఇరుకే

ఎర్రమంచి (పెనుకొండ): లేత్ యంత్రం ఆగిపోతే హిందూపురం నుంచి మెకానిక్ సాయంత్రానికల్లా వస్తాడు. మోటారు కాలిపోతే మరుసటి రోజుకు తీగ చుట్టి ఇచ్చేవారు పట్టణంలోనే ఉన్నారు. డై పగిలినా, బేరింగు అరిగినా ఎవరి గడప తొక్కాలో యజమానికి తెలుసు. బిల్లు కొట్టే కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మొరాయిస్తే మాత్రం ఎవరిని పిలవాలో, పిలిస్తే ఎప్పుడు పలుకుతారో తెలియని పరిస్థితి. సరకు సిద్ధంగా ఉంటుంది, లారీ వాకిట్లో ఉంటుంది, డ్రైవరు బీడీ మీద బీడీ కాలుస్తుంటాడు. బిల్లు రానిదే బండి గేటు దాటదు. పెనుకొండ, హిందూపురం ప్రాంతాల్లోని చిన్న ఉత్పత్తిదారులను నాలుగైదేళ్లుగా వేధిస్తున్న సమస్య ఇది. కరెంటు కోతల మీద, రోడ్ల మీద ఇచ్చినన్ని వినతిపత్రాలు దీని మీద ఇవ్వకపోవడంతో అధికారుల దృష్టికి అంతగా రాలేదు.

ఎర్రమంచి పేరు దేశానికి తెలిసింది కార్ల పరిశ్రమతోనే. 2017 ఏప్రిల్‌లో కియా సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం కుదుర్చుకుంది. సుమారు 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో, ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యంతో నిర్మించిన కర్మాగారంలో 2019లో ఉత్పత్తి మొదలైంది. దానికి నేరుగా విడిభాగాలు అందించే కొరియా సంస్థలు చుట్టుపక్కల వెలిశాయి. ఆ సంస్థలకు చిన్నచిన్న బిళ్లలు, బ్రాకెట్లు, ట్రాలీలు, చెక్క ప్యాలెట్లు, అట్టపెట్టెలు చేసిపెట్టేవారు, పౌడర్ కోటింగ్ వేసేవారు, యంత్రాలకు మరమ్మతులు చేసేవారు మూడో వరుసలో ఉన్నారు. హిందూపురం సమీపంలోని తూముకుంట, గొల్లాపురం పారిశ్రామికవాడల్లో అంతకు ముందు నుంచే ఉన్న యూనిట్లు వేరు. మన కథ ఈ మూడో వరుసది. పది, ఇరవై మంది కార్మికులు, ఒక గుమాస్తా, వారానికి రెండుసార్లు వచ్చిపోయే అకౌంటెంట్... ఇదీ వారి సైన్యం.

కంప్యూటర్ ఎందుకు తప్పనిసరైంది?

పదిహేనేళ్ల కిందట ఇలాంటి యూనిట్‌లో చిట్టా, ఆవర్జా పుస్తకాలు ఉండేవి. కార్బన్ కాగితం పెట్టి బిల్లు రాసేవారు. తప్పు దొర్లితే కొట్టివేసి పక్కన సంతకం చేసేవారు. 2017 జులై 1న వస్తు సేవల పన్ను అమల్లోకి రావడంతో ఈ పద్ధతికి కాలం చెల్లింది. 2018 ఏప్రిల్‌లో ఈ-వే బిల్లు వచ్చింది. రూ.50 వేలు దాటిన సరకు రోడ్డెక్కాలంటే అది ఉండి తీరాలి. ఆ తర్వాత ఈ-ఇన్వాయిస్ వచ్చింది. 2020 అక్టోబరులో రూ.500 కోట్ల టర్నోవరు ఉన్న సంస్థలతో మొదలుపెట్టి, 2021లో రూ.100 కోట్లకు, రూ.50 కోట్లకు, 2022లో రూ.20 కోట్లకు, రూ.10 కోట్లకు, 2023 ఆగస్టు 1 నుంచి రూ.5 కోట్లకు పరిమితిని దించుకుంటూ వచ్చారు. పెద్దల కోసం తవ్విన కాలువ మూడేళ్లలో చిన్నవారి ఇంటి ముందుకు వచ్చిందన్నమాట.

రూ.5 కోట్ల టర్నోవరు అంటే సామాన్య పాఠకునికి పెద్ద మొత్తంగా కనిపిస్తుంది. ఇనుముతో పనిచేసేవారికి అది పెద్దది కాదు. షీటు ధరే అందులో సింహభాగం మింగేస్తుంది. మిగిలే కాసింత లాభంలోంచి కంప్యూటర్, సాఫ్ట్‌వేర్, దానిని నడిపే మనిషి జీతం అన్నీ రావాలి.

ఈ-ఇన్వాయిస్ పరిధిలోకి వచ్చిన సంస్థ ప్రభుత్వ వ్యవస్థ నుంచి 64 అక్షరాల సంఖ్య, క్యూఆర్ కోడ్ పొందకుండా బిల్లు ఇస్తే నిబంధనల ప్రకారం అది బిల్లే కాదు. కొన్నవారికి పన్ను జమ విషయంలో చిక్కు వస్తుంది. వారు ఊరుకోరు, చెల్లింపు ఆపేస్తారు. ఈ-వే బిల్లు లేకుండా దారిలో పట్టుబడితే పన్ను విధించదగిన సరకు యజమాని పన్నుకు రెట్టింపు జరిమానా కట్టి విడిపించుకోవాలి. కంపెనీగా నమోదైన వారికి మరో నిబంధన ఉంది. ఖాతాల్లో చేసిన ప్రతి మార్పునూ తేదీతో సహా నమోదు చేసే, ఆ నమోదును ఆపేయడానికి వీల్లేని సాఫ్ట్‌వేర్‌నే 2023 ఏప్రిల్ 1 నుంచి వాడాలని కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ నిర్దేశించింది. దీంతో ఎన్నో ఏళ్లుగా ఎలాగో నెట్టుకొస్తున్న పాత సాఫ్ట్‌వేర్లను పక్కన పెట్టక తప్పలేదు.

చట్టం ఒత్తిడి ఒకవైపు, కొనుగోలుదారు ఒత్తిడి మరోవైపు. కార్ల రంగంలో సరకు వెళ్లడానికి ముందే దాని వివరాలు కొనుగోలుదారు పోర్టల్‌లో నమోదు చేయడం, పెట్టెకు బార్‌కోడ్ అంటించడం ఆనవాయితీ. ఏ డబ్బాలో ఏ రోజు చేసిన, ఏ షీటు నుంచి కోసిన బిళ్లలున్నాయో అడిగిన వెంటనే చెప్పగలగాలి. చెప్పలేని వాడికి ఆర్డరు రాదు. కనుక సాఫ్ట్‌వేర్ కొనాలా వద్దా అన్న ప్రశ్నే లేదు. ఏది కొనాలి, ఎవరి దగ్గర కొనాలి అన్నదే మిగిలింది. కొనక తప్పని వాడి ముందు అమ్మేవాడి బలం ఎంతో వేరే చెప్పనక్కర్లేదు.

చెప్పిందొకటి... జరిగిందొకటి

ఈ ప్రాంతంలో మూడు రకాల సాఫ్ట్‌వేర్లు కనిపిస్తాయి. దేశమంతటా పేరున్న లెక్కల ప్యాకేజీలు ఒకటి. బెంగళూరు, అనంతపురం వంటి చోట్ల ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్లు కలిసి యూనిట్ అవసరానికి తగ్గట్టు రాసి ఇచ్చేవి రెండోది. కొనుగోలు, ఉత్పత్తి, నిల్వ, అమ్మకం, జీతాలు అన్నింటినీ ఒకే గొడుగు కిందకు తెచ్చే ఈఆర్‌పీలు మూడోది. వీటిని ఇంటర్నెట్ మీద నెలవారీ లేదా వార్షిక చందాకు ఇస్తున్నారు.

అమ్మకం రోజున మూడూ అద్భుతంగానే పనిచేస్తాయి. తెర మీద చూపించే నమూనా పరిశ్రమలో వస్తువులు అయిదు, ఖాతాదారులు ముగ్గురు, తప్పులు సున్నా. అసలు పరిశ్రమలో వస్తువులు నాలుగు వందలు. ఒకే బ్రాకెట్‌కు యజమాని ఒక పేరు, కొన్నవారు ఒక నంబరు, కార్మికులు మరో ముద్దుపేరు పెట్టుకుని ఉంటారు. చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

ప్రెస్ పనినే ఉదాహరణగా తీసుకుందాం. 1,000 కిలోల షీటు వచ్చిందనుకోండి. బిళ్ల ఒక్కొక్కటి 400 గ్రాములు. 2,100 బిళ్లలు కోస్తే 840 కిలోలు వాటిలోకి పోతుంది, 160 కిలోలు తుక్కు. అందులో 30 బిళ్లలు తనిఖీలో తప్పాయి. అవి 12 కిలోలు. అంటే మంచి సరకు 2,070 బిళ్లలు, 828 కిలోలు. తుక్కు 172 కిలోలు. పలక మీద సుద్దముక్కతో అయిదు నిమిషాల్లో తేలే లెక్క ఇది. కొన్నది కిలోల్లో, కోసింది బిళ్లల్లో, అమ్మేది బిళ్లల్లో, తుక్కు మళ్లీ కిలోల్లో. కొనుగోలు-అమ్మకం మాత్రమే ఎరిగిన సాఫ్ట్‌వేర్‌కు ఇది అర్థం కాదు. షీటు గోదాములోనే ఉన్నట్టు, బిళ్లలు ‘మైనస్ 2,070’ ఉన్నట్టు చూపిస్తుంది. దానిని సరిచేయడానికి గుమాస్తా నెలాఖరున ఒక దొంగ ఎంట్రీ వేస్తాడు. మరుసటి నెల ఇంకొకటి. ఏడాది తిరిగేసరికి తెర మీది నిల్వకూ నేల మీది నిల్వకూ పొంతన ఉండదు.

షీటు కొనుగోలుదారుడిదే అయితే, అంటే జాబ్ వర్క్ అయితే, చిక్కు మరింత ముదురుతుంది. చలానా మీద వచ్చిన సరకు ఏడాదిలోగా తిరిగి చేరాలని జీఎస్టీ చట్టం 143వ సెక్షన్ చెబుతోంది. చేరకపోతే, పంపిన రోజే దానిని అమ్మినట్టు లెక్కకట్టి పంపినవారి నుంచి వడ్డీతో సహా పన్ను వసూలు చేస్తారు. ఆ పెద్ద సంస్థ తన వంతుగా దాఖలు చేసే వివరాల కోసం చిన్న యూనిట్‌ను లెక్క అడుగుతుంది. ఏ చలానాలోని షీటు ఏ చలానాలోని బిళ్లలుగా వెళ్లిందో, తుక్కు ఎవరి ఖాతాలో పడిందో చెప్పాలి. ఈ ప్రాంతపు చిన్న యూనిట్లకు జాబ్ వర్కే ప్రాణాధారం. అయినా అమ్మకం రోజున తెర మీద దాన్ని చూపించమని అడిగినవారు తక్కువ, అడగకముందే చూపినవారు ఇంకా తక్కువ. కొనుగోలు ముగిశాక అది అదనపు మాడ్యూల్ అని, దానికి అదనపు రుసుము అని చెబుతున్నారని యజమానులు వాపోతున్నారు.

సరిహద్దు తెచ్చిన తంటా ఇంకొకటి. హిందూపురం దాటితే కర్ణాటక. ఇక్కడి జీఎస్టీ నంబరు 37తో మొదలైతే గౌరిబిదనూరు వ్యాపారిది 29తో మొదలవుతుంది. రాష్ట్రంలో అమ్మితే కేంద్ర, రాష్ట్ర పన్నులు రెండుగా. సరిహద్దు దాటితే సమీకృత పన్ను ఒక్కటిగా వేయాలి. ఖాతాదారు వివరాలు నింపేటప్పుడు రాష్ట్రం పేరు తప్పు పడితే బిల్లులన్నీ తప్పు పన్నుతోనే వెళతాయి. తర్వాత సరైన పన్ను మళ్లీ కట్టి, తప్పుగా కట్టిన దానిని వాపసు అడగాలి. వడ్డీ మినహాయింపు చట్టంలో ఉంది, కానీ చేతిలో డబ్బు ఇరుక్కుపోతుంది. బెంగళూరులో కూర్చుని సాఫ్ట్‌వేర్ అమర్చిన కుర్రవాడికి కర్ణాటక సొంత రాష్ట్రం. దూరం నుంచే అమరికలు పూర్తిచేసి, యూనిట్ రాష్ట్రాన్ని కూడా కర్ణాటకగానే వదిలేసిన సందర్భాలు ఉన్నాయంటే ఆశ్చర్యం లేదు.

మూడు గడపల మధ్య ముడిపడని బంధం

సాఫ్ట్‌వేర్ తయారు చేసేవారు ఒకరు, అమ్మేవారు ఒకరు, వచ్చి అమర్చేవారు మరొకరు. అంతా సజావుగా ఉన్నంతకాలం ముగ్గురూ ఒకటే. సమస్య వచ్చినప్పుడు మాత్రం ముగ్గురూ వేర్వేరు. తయారీ సంస్థకు ఫోన్ చేస్తే యంత్రం పలుకుతుంది, ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటుంది. చివరకు ఒక నంబరిచ్చి ‘టికెట్’ నమోదైందని చెబుతుంది. సినిమా టికెట్ చూపిస్తే సీటైనా దొరుకుతుంది, ఈ టికెట్‌తో అదీ లేదు. అది తమ ప్రోగ్రాంలో లోపం కాదని, డీలరు చేసిన మార్పుల వల్ల వచ్చిందని తయారీదారు అంటారు. కొత్త వెర్షన్‌లో తయారీదారే ఏదో మార్చారని డీలరు అంటారు. ఇంటర్నెట్ సరిగా లేదని అమర్చిన వ్యక్తి అంటాడు. అడకత్తెరలో పోకచెక్క యజమాని.

సహాయం అందించే వేళలు ఇంకో ముచ్చట. అమ్మకాల వివరాలకు నెలలో 11వ తేదీ, పన్ను చెల్లింపునకు 20వ తేదీ గడువు. దేశంలోని లక్షలాది మంది వ్యాపారులకు ఒకేసారి సందేహాలు వచ్చే రోజులవి. సహాయ కేంద్రానికి లైను దొరకని రోజులూ అవే. ఇక మార్చి నెలాఖరు సంగతి చెప్పనక్కర్లేదు. కార్ల పరిశ్రమకు సరకు రాత్రిపూట, ఆదివారాలు కూడా వెళుతుంది. చాలా చందాల్లో సహాయం ఉదయం పది నుంచి సాయంత్రం ఆరు దాకానే.

భాష సమస్య దీనికి తోడు. గుమాస్తాకు తెలుగు, కన్నడం వస్తాయి. అటువైపు హిందీ లేదా వేగంగా సాగే ఇంగ్లిష్. ‘మాస్టర్‌లో లెడ్జర్ తెరిచి గ్రూప్ మార్చండి’ అని ఫోన్‌లో చెబితే పదో తరగతి చదివి పదేళ్లు తూకాలు రాసిన మనిషికి ఏమని అర్థమవుతుంది? చివరకు దూరం నుంచి కంప్యూటర్‌ను తమ చేతిలోకి తీసుకుంటామంటారు. మొత్తం లెక్కలున్న కంప్యూటర్‌ను ముక్కూ మొహం తెలియని వ్యక్తికి అప్పగించి, తెర మీద బాణం గుర్తు దానంతటదే కదులుతుంటే యజమాని చేతులు కట్టుకుని చూస్తుంటాడు. ఏం మార్చారో, ఎందుకు మార్చారో కాగితం మీద రాసి ఇచ్చేవారు అరుదు.

సొంతంగా రాయించుకున్న సాఫ్ట్‌వేర్లది వేరే వెత. అవి యూనిట్ పనికి చక్కగా అతికినట్టుంటాయి. రాసిన కుర్రవాడికి పెద్ద ఉద్యోగం రాగానే కథ మారిపోతుంది. కోడ్ అతని ల్యాప్‌టాప్‌లో, రహస్య పదం అతని బుర్రలో ఉండిపోతాయి. పన్ను రేటు మారినా, బిల్లు నమూనా మారినా సరిచేసేవారు ఉండరు. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ శ్లాబులు మారినప్పుడు ఇది కొట్టొచ్చినట్టు కనిపించింది. 12, 28 శాతం శ్లాబులు పోయి, వాహన విడిభాగాలన్నీ 18 శాతం కిందకు వచ్చాయి. 21వ తేదీ రాత్రి దాకా పాత రేటు, తెల్లవారితే కొత్త రేటు. వస్తువుల పట్టికలో రేటును తేదీతో సహా నమోదు చేసుకునే ఏర్పాటున్న ప్యాకేజీలకు ఇది ఒక గంట పని. రేటును కోడ్‌లోనే బిగించిన సొంత సాఫ్ట్‌వేర్లు వాడుతున్నవారు చేత్తో బిల్లులు రాసే రోజులకు తాత్కాలికంగా వెళ్లక తప్పలేదు.

ఇనుప యూనిట్లకు అంతకు ముందే ఒక పరీక్ష ఎదురైంది. 2024 అక్టోబరు 10 నుంచి, నమోదు కాని వ్యక్తి వద్ద లోహపు తుక్కు కొంటే పన్ను కొన్నవారే కట్టాలన్న నిబంధన వచ్చింది. నమోదైన వ్యాపారి వద్ద రూ.2.5 లక్షలు మించిన ఒప్పందంపై కొంటే 2 శాతం కోత కోసి జమచేయాలి. తూముకుంట వంటి చోట తుక్కే ముడిసరకు. రోజుకు ఇన్ని బండ్ల తుక్కు కొనే చోట, ప్రతి బండికీ అమ్మేవాడు నమోదయ్యాడో లేదో చూసి తగ్గట్టుగా లెక్క వేయాలి. సాఫ్ట్‌వేర్ సిద్ధంగా లేకపోతే ఈ పని మనిషి మీద పడుతుంది.

ధర్మవరంలో పట్టు నేతది మరో రకం లెక్క. పెద్ద నేతగాడు ముడిపట్టు, జరీ, వార్పు మగ్గం ఇంటికి పంపుతాడు. చీరలు తిరిగి వస్తాయి, కూలి ముట్టజెబుతాడు, ముందు ఇచ్చిన బయానాలో కొంత మినహాయిస్తాడు. ఎంత పట్టు వెళ్లింది, ఎంత చీరగా వచ్చింది, ఎంత మిగిలింది అన్నది మగ్గం మగ్గానికీ వేరు. దుకాణాల కోసం చేసిన బిల్లింగ్ ప్యాకేజీలలో చీరకు బార్‌కోడ్ చీటీ వస్తుంది గానీ మగ్గం ఖాతా రాదు. అందుకే ధర్మవరంలో కంప్యూటర్ పక్కనే ఎర్ర అట్ట పుస్తకం ఇంకా బతికి ఉంది. అది వెనకబాటుతనం కాదు, తెలివైన ఏర్పాటు.

రెండో వైపు కూడా...

తప్పంతా అమ్మేవారిదే అంటే న్యాయం కాదు. సాఫ్ట్‌వేర్ డీలరు కూడా చిన్న వ్యాపారే. పెట్టె అమ్మితే ఒకసారి కమీషను, ఏటా రెన్యువల్ మీద కొంత. దాంతోనే ఇద్దరు కుర్రాళ్లకు జీతాలు, బండికి పెట్రోలు. రెన్యువల్ కట్టకుండా రెండేళ్లు గడిపి, గడువు రోజు రాత్రి ఫోన్ చేసి ఉచితంగా సరిచేయమనే యజమానులు తక్కువేమీ కాదు. దొంగ కాపీ వాడుతూ సహాయం అడిగేవారూ ఉన్నారు. అసలు సమస్య మరోటుంది. పాత నిల్వ లెక్క సరిగా ఇవ్వకుండా, గోదాములో సరకు తూచకుండా, నోటికి వచ్చిన అంకెలతో కొత్త సాఫ్ట్‌వేర్ మొదలుపెడితే అది ఏం చేస్తుంది? శిక్షణకు రెండు రోజులు గుమాస్తాను వదలమంటే పని ఆగిపోతుందని వదలరు. గుమాస్తా నేర్చుకున్నాక రెండు వేలు ఎక్కువ జీతానికి పక్క యూనిట్‌కు వెళ్లిపోతాడు. మళ్లీ మొదటికి.

మార్పుల నమోదు తప్పనిసరి అయ్యాక ఇంకో గొడవ మొదలైందని డీలర్లు చెబుతున్నారు. పాత బిల్లును తుడిచేయమని కొందరు యజమానులు అడుగుతారు. కుదరదంటే సాఫ్ట్‌వేర్ బాగాలేదంటారు. ఇలాంటి ఫిర్యాదులను సహాయ లోపం ఖాతాలో వేయలేం.

తెర మీది నిల్వనే నమ్మితే ఏమవుతుందన్నది పెద్దల అనుభవంలోనూ ఉంది. ఎర్రమంచి కార్ల కర్మాగారంలో సుమారు 900 ఇంజన్లు కనిపించడం లేదన్న ఫిర్యాదు 2025 మార్చిలో పోలీసులకు అందింది. కొన్నేళ్లుగా సాగిన చోరీగా ఆ వ్యవహారం వార్తలకెక్కి రాష్ట్రమంతటా చర్చనీయాంశమైంది. పెద్ద సంస్థలో సైతం కంప్యూటర్ చెప్పే అంకెను నేల మీద లెక్కపెట్టి సరిచూసే మనిషి కావాలని ఆ ఉదంతం చాటింది. చిన్న యూనిట్లకు ఆ మనిషి యజమానే.

విదేశాల్లోనూ ఇంతే. అమెరికాలోని ప్రసిద్ధ చాక్లెట్ సంస్థ హెర్షీ 1999లో 11 కోట్ల డాలర్లకు పైగా వెచ్చించి కొత్త వ్యవస్థను హడావుడిగా మొదలుపెట్టింది. గోదాములో సరకు ఉండి కూడా పండుగ సీజనులో దుకాణాలకు పంపలేకపోయింది. 2025 సెప్టెంబరులో సైబర్ దాడి కారణంగా బ్రిటన్‌లోని జాగ్వార్ ల్యాండ్ రోవర్ కర్మాగారాలు వారాల తరబడి మూతపడ్డాయి. ఎక్కువ దెబ్బ తిన్నది ఆ సంస్థను నమ్ముకున్న చిన్న విడిభాగాల తయారీదారులే. అక్కడి ప్రభుత్వం ఆ సంస్థకు 150 కోట్ల పౌండ్ల రుణానికి హామీ ఇవ్వాల్సి వచ్చింది. తమ కంప్యూటర్ బాగున్నా కొనుగోలుదారు కంప్యూటర్ పడుకుంటే మూడో వరుస వారికి దిక్కేమిటన్నది ఎర్రమంచిలోనూ ఆలోచించాల్సిన విషయమే.

కోర్టుకు వెళితే?

సాఫ్ట్‌వేర్ పనిచేయకపోతే వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. దీనిపై సుప్రీంకోర్టు 2025 నవంబరులో స్పష్టత ఇచ్చింది. వైద్య పరికరాలు తయారు చేసే పాలీ మెడిక్యూర్ సంస్థ ఎగుమతి, దిగుమతి పత్రాల నిర్వహణ కోసం బ్రిలియో టెక్నాలజీస్ నుంచి సాఫ్ట్‌వేర్ లైసెన్సు తీసుకుంది. అది సరిగా పనిచేయలేదంటూ డబ్బు వాపసు కోరి ఢిల్లీ రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించింది. అక్కడా, జాతీయ కమిషన్‌లోనూ ఫిర్యాదు నిలవలేదు. సుప్రీంకోర్టు కూడా అదే మాట చెప్పింది. వ్యాపార పనులను సులువు చేసుకుని, ఖర్చు తగ్గించి లాభం పెంచుకునే ఉద్దేశంతో కొన్న సాఫ్ట్‌వేర్ వాణిజ్య ప్రయోజనం కిందకే వస్తుందని, అలా కొన్న సంస్థ చట్టం దృష్టిలో ‘వినియోగదారు’ కాదని తేల్చింది. సాఫ్ట్‌వేర్ బాగుందా లేదా అన్న విచారణ దాకా వ్యవహారం వెళ్లనే లేదు.

జీవనోపాధి కోసం స్వయం ఉపాధిగా పనిచేసే వ్యక్తికి చట్టంలో మినహాయింపు ఉంది. ఒంటరిగా లేత్ నడుపుకొనే మనిషి ఆ దారిన ప్రయత్నించవచ్చు. ఇరవై మంది కార్మికులున్న యూనిట్‌కు అది వర్తించడం కష్టం. మిగిలింది ఒప్పందం ఉల్లంఘన కింద సివిల్ దావా. రూ.3 లక్షలు, ఆపై విలువైన వాణిజ్య వివాదమైతే, అత్యవసర ఉత్తర్వులు కోరితే తప్ప, ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాలి. ఆ దావా ఎక్కడ వేయాలన్నది ఒప్పందం చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. బెంగళూరు, ముంబై, ఢిల్లీ... హిందూపురం మాత్రం ఉండదు.

ఇందులో ఒక విడ్డూరం ఉంది. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం సరఫరాదారు సూక్ష్మ లేదా చిన్న సంస్థ అయితే 45 రోజుల్లోగా డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. ఉద్యమ్ నమోదున్న చిన్న సాఫ్ట్‌వేర్ సేవల సంస్థ, యజమాని బిల్లు ఆపితే, ఈ చట్టం కింద ఏర్పాటైన మండలికి వెళ్లగలదు. సాఫ్ట్‌వేర్ పనిచేయలేదని అదే యజమాని వెళ్లగలిగే అంత దగ్గరి తలుపు మాత్రం లేదు. రెండు వైపులా చిన్న సంస్థలే అయినప్పుడు ఒకరికే తలుపు ఉండటం సమంజసమా అన్నది ప్రభుత్వమే ఆలోచించాలి.

సంతకం ముందే జాగ్రత్త

కనుక రక్షణ ఏదైనా ఉంటే అది కొనక ముందే. ఈ ప్రాంతంలో దెబ్బతిని తేరుకున్న యజమానులు కొన్ని పద్ధతులు పాటిస్తున్నారు. డబ్బు ఒక్కసారిగా ఇవ్వరు. తమ సొంత షీటు, తమ సొంత బిళ్ల, తమ సొంత చలానాతో ఒక నెల లెక్క తెర మీద తేలాకే రెండో విడత. పాత పుస్తకం, కొత్త సాఫ్ట్‌వేర్ రెండూ కొన్నాళ్లు పక్కపక్కనే నడుపుతారు. లెక్కలన్నీ ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎక్సెల్ రూపంలో తీసుకునే హక్కును, చందా ఆగినా ఆ హక్కు పోదన్న మాటను ఒప్పందంలో రాయించుకుంటారు. ఫోన్ చేసిన ఎన్ని గంటల్లో పలకాలి, ఎన్ని గంటల్లో మనిషి రావాలి అన్నదీ రాయిస్తారు. రోజూ సాయంత్రం ఒక నకలు విడిగా డిస్క్‌లోకి ఎక్కించి, దానిని కంప్యూటర్ ఉన్న గదిలో ఉంచకుండా ఇంటికి తీసుకెళ్లేవారూ ఉన్నారు.

అందరికీ తెలియని మరో మాట. సాఫ్ట్‌వేర్ ఆగితే బండి ఆగాల్సిన పని లేదు. ఈ-వే బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నేరుగా చేసుకోవచ్చు. ఈ-ఇన్వాయిస్‌కు కూడా జాతీయ సమాచార కేంద్రం ఉచిత ఏర్పాటు ఇచ్చింది. యూజర్ పేరు, రహస్య పదం డీలరు దగ్గరో ఆడిటరు దగ్గరో కాకుండా యజమాని దగ్గర ఉంటే చాలు. రాత్రి పదకొండు గంటలకు బండి కదలకపోవడానికి చాలాసార్లు అసలు కారణం, ఆ రహస్య పదం నిద్రపోతున్న ఆడిటరు ఫోన్‌లో ఉండటమే.

గమనించదగిన సంగతి ఒకటుంది. మన దేశంలో బాగా వ్యాపించిన రెండు వ్యాపార సాఫ్ట్‌వేర్లు ఇలాంటి ఇబ్బందుల నుంచే పుట్టాయి. మిల్లులకు ముడిసరకు, యంత్ర భాగాలు సరఫరా చేసే శ్యాంసుందర్ గోయెంకాకు తన లెక్కలకు సరిపడే సాఫ్ట్‌వేర్ దొరకలేదు. ఆయన కుమారుడు భరత్ గోయెంకా రాసిందే తర్వాత ట్యాలీ అయింది. సంస్థ పుట్టిన ఏడు 1986. ఈఆర్‌పీనెక్స్ట్‌ను రూపొందించిన రుషభ్ మెహతా కూడా తమ కుటుంబ ఫర్నిచర్ వ్యాపారంలో ఈఆర్‌పీ విఫలం కావడం చూసినవారే. దాని కోడ్ బహిరంగం. లైసెన్సు రుసుము లేదు, కానీ అమర్చి, నిలబెట్టి, నేర్పే మనిషి కావాలి. ఉచితం కదా అని దించుకుని, ఆ మనిషి లేక మూలన పడేసిన సందర్భాలూ ఉన్నాయి.

ఆ మనిషే కరవు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం డిగ్రీ కళాశాలల నుంచి ఏటా బీకాం కంప్యూటర్స్ చదివిన విద్యార్థులు బయటికి వస్తున్నారు. జీఎస్టీ సెక్షన్లు పరీక్షలో రాస్తారు, జాబ్ వర్క్ చలానా చూసి ఉండరు. పారిశ్రామికవాడలోని యూనిట్లు పది కలిసి ఇలాంటి ఇద్దరిని ఉమ్మడిగా పెట్టుకుంటే, ఒక్కొక్కరి మీద పడే భారం ఒక వార్షిక రెన్యువల్ కంటే ఎక్కువ ఉండదన్నది ఈ రంగంలో ఉన్నవారి అంచనా. జిల్లా పరిశ్రమల కేంద్రం ఇలాంటి ఏర్పాటుకు చొరవ చూపితే, కళాశాలలు ఒక సెమిస్టరు అయినా యూనిట్లలో పనిచేయనిస్తే, తెలుగులో పలికే సహాయ కేంద్రం ఊరిలోనే తయారవుతుంది. పుట్టపర్తి జిల్లా కేంద్రంగా 2022లో ఏర్పడిన శ్రీసత్యసాయి జిల్లాకు ఇది తలకు మించిన పనేమీ కాదు.

ఈలోగా మార్పులు ఆగవు. ఆదాయపు పన్ను చట్టం-2025 అమలుకు 2026 ఏప్రిల్ 1ని తేదీగా నిర్ణయించారు. ఆరు దశాబ్దాలుగా అలవాటైన సెక్షన్ల సంఖ్యలు మారతాయి, మూలం వద్ద పన్ను కోసే పట్టికలు మారతాయి, వాటికి తగ్గట్టుగా సాఫ్ట్‌వేర్లూ మారాలి. కొత్త వెర్షన్ కావాలంటే ముందు పాత బకాయి రెన్యువల్ కట్టాలి. కట్టే ముందు జాబ్ వర్క్ చలానా ఒకటి పట్టుకెళ్లి, దానిని తెర మీద చేసి చూపించమని అడగడం యజమానుల వంతు.